పంటు కోసం ఆగిన ఇంజను

మా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే ఇనుప కడ్డీని మొన్న తుడుస్తుంటే, ఇన్నేళ్ల తరవాత కూడా మాడిన ఇంజనాయిలు వాసన వచ్చింది. అది నాన్నగారి టాక్సీలో అరిగిపోయిన రెండో క్యామ్‌షాఫ్ట్. దానిమీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది బుడిపెలుండాలి. అవి తిరుగుతూ, వాల్వులను తెరిచే టాపెట్లను ఎత్తితేనే ఇంజను గాలి పీల్చి వదులుతుంది. వేలితో తడిమి లెక్కపెట్టాను. ఐదు గుడ్లు, మూడు గుండ్రాలు.

అప్పట్లో అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్లాలంటే వైనతేయ పాయ మీద, కార్లనూ దాటించే పంటు ఎక్కాలి. తడి ఇసుక, వేసవిలో ముంజలు, మాఘంలో అంతర్వేది తీర్థం నుంచి తిరిగొచ్చేవాళ్ల చేతుల్లో జీళ్లూ ఖర్జూరాలూ, వీటన్నిటి మధ్య మా కారు గుడగుడలాడుతూ నిలబడేది. పంటు అవతలి ఒడ్డున ఉన్నా నాన్నగారు ఇంజను ఆపేవారు కాదు. బ్యాటరీ బలహీనం, ఆపితే మళ్లీ ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పాలి, పెళ్లివారి ముందు ఇస్త్రీ చొక్కాతో ఆ పని ఆయనకు నామోషీ. సెలవుల్లో ముందు సీటులో కూర్చుని, ఆగిన నిమిషాలు లెక్కపెట్టడం నా ఆట.

కారుతో వచ్చింది పోయాక వేయించిన మొదటి షాఫ్ట్ ఏడాదిలోపే అరిగింది. రెండోది ఏడు నెలలకే టకటకమంది. ఇంకోటి కూడా పోతే కారు అమ్మేసి కువైట్‌లో డ్రైవరుగా చేరతానని నాన్నగారు పాస్‌పోర్టు ఫొటో దిగి వచ్చారు. నాకు పదేళ్లు. ఆ ఫొటోలో నవ్వని ముఖం చూస్తే భయమేసింది.

అంబాజీపేట మెకానిక్కు సత్తిరాజు గారు షాఫ్ట్ విప్పి, కొబ్బరిపీచుతో తుడిచి, ఎండలో పట్టుకుని చూశారు.

“ఎన్ని మైళ్లు తిరిగిందో కాదండీ, నిలబడి ఎంతసేపు తిరిగిందో చెప్పండి.”

“నిలబడితే ఏం అరుగుద్దండీ?” అన్నారు నాన్నగారు.

నేనుండబట్టలేకపోయాను. “నిన్న రేవులో ముప్పై ఎనిమిది నిమిషాలు, మావయ్యగారూ. లెక్కెట్టేను.”

“ఆయ్! దొంగ దొరికేడు. ఇంట్లో ఇంత మంచి మీటరెట్టుకుని నా దగ్గరకొచ్చేరేంటండీ!”

ఇంజను నెమ్మదిగా తిరిగితే ఆ బుడిపెలకు చాలినంత ఆయిలు చిమ్మదనీ, స్ప్రింగుల బరువంతా వాటి మొనల మీదే పడుతుందనీ, కొత్త షాఫ్ట్‌కు మొదటి అరగంటే ప్రాణమనీ ఆయన ఓపికగా చెప్పారు. పైగా రెండుసార్లూ పాత టాపెట్లే వాడించారు నాన్నగారు. అవి కొత్తదాన్ని కొరికేశాయి. కంటితో చూసి, గోటితో గీకి, ఒక్క ప్రశ్నతో ఇంత చెప్పగల ఇంకో మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఈసారి షాఫ్ట్‌తోపాటు ఎనిమిది కొత్త టాపెట్లు, కొత్త బ్యాటరీ. స్టార్టు చేయగానే సత్తిరాజు గారు ఇంజను వేగం పెంచి, తన వాచీ నా చేతికిచ్చారు. “ఇరవై అయిదు నిమిషాలమ్మా. మీ నాన్నగారు బతిమాలినా తగ్గనివ్వకు.” కోళ్లు పారిపోయాయి, పక్కింటివాళ్లు చెవులు మూసుకున్నారు. పంతొమ్మిదికే నాన్నగారు, “చాలు కదమ్మా” అన్నారు.

“ఇంకా ఆరున్నాయి నాన్నా.” నాకు కువైటే కనిపిస్తోంది.

ఆ షాఫ్ట్ పదకొండేళ్లు తిరిగింది. పాస్‌పోర్టు ఫొటో అమ్మ పోపులపెట్టెలోనే ఉండిపోయింది.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. పంటు లేదు, ముంజలమ్మే రేవు లేదు, సత్తిరాజు గారూ లేరు. మొన్న నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తుంటే వంతెన మీద కొబ్బరికాయల లారీ అడ్డంగా ఆగింది. ఆయన చేయి చాచి నా కారు తాళం తిప్పి ఇంజను ఆపేశారు.

“ఎంతసేపైందమ్మా?”

“నలభై సెకన్లు నాన్నా.”

“అదే ఎక్కువ,” అన్నారు.