అట్టలు వాటంతట అవే పడిన మధ్యాహ్నం

మొన్న జగిత్యాలలో ఇంజనీరింగు చదువుతున్న మా అన్న కూతురు ఫోను చేసి, చేత్తో నడిపిస్తే బుద్ధిగా నడిచే ప్రోగ్రాం, తను రాసిన ఆదేశాల స్క్రిప్టు లోపలి నుంచి నడిపిస్తే మాత్రం నోరు విప్పడం లేదని వాపోయింది. "దాని ముంగట మనిషి కూసున్నడని నమ్మియ్యాలె బిడ్డా" అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నమ్మించే విద్యతోనే ఒకప్పుడు సిరిసిల్లలో మా మేనమామ నోరు మూయించాను మరి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి, మేనమామ నడిపే జకార్డు అట్టల కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. చీర అంచు మీద బొమ్మ పడాలంటే మగ్గానికి చిల్లులు పొడిచిన అట్టల దండ కావాలి; ఏ దారం లేవాలో ఆ చిల్లులే చెబుతాయి. పొడిచే యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం మహా అనుమానప్పక్షి. ప్రతి అట్టకూ నంబరెంత, డిజైనులో ఎన్నో వరుస, పొడవమంటావా అని మూడు ప్రశ్నలు వేసేది. జవాబులన్నీ ఫైలులో రాసిస్తే ముట్టేది కాదు, కీబోర్డు మీద కొడితేనే వినేది. వెయ్యికి పైగా అట్టల్లో ఒక్కదానికి తప్పు నొక్కినా చిలుక ముక్కు తోక దగ్గర మొలిచేది.

రెండుసార్లు మొలిచింది కూడా. ఆ చిలుకల అంచు కోరుట్ల బట్టల షాపాయన పెళ్లిళ్ల కోసం అడిగింది. నేయాల్సింది మా నాయిన మగ్గాల మీద. శుక్రవారం వచ్చి నమూనా చూస్తానని, కుదరకపోతే వేరేచోట నేయించుకుంటానని ఆయన కబురు పెట్టాడు. "ఇంకోపాలి తప్పు జేస్తే నీ కుర్చీల వేరేటోళ్లను కూసోబెడత" అని మేనమామ అందరి ముందే అన్నాడు. నాయిన తలొంచుకుని మగ్గాల షెడ్డులోకి వెళ్లిపోయాడు. నన్ను ఎక్కువ కాల్చింది అదే.

బుధవారం జగిత్యాల బస్సెక్కి, నేను చదివిన కాలేజీలో మా మేడంను బతిమాలి ఒక లావుపాటి పుస్తకం ముందేసుకున్నాను. ఒక స్క్రిప్టు భాష ఉందట. ఉత్తుత్తి టెర్మినలు ఒకటి సృష్టించి, మనకు కావలసిన ప్రోగ్రాంను దాని లోపల పిల్ల ప్రాసెస్‌గా పుట్టిస్తుందట. ఆ పిల్లకు తన ముందు నిజమైన తెరా కీబోర్డూ ఉన్నట్టే తోస్తుంది. ప్రశ్న కనబడగానే స్క్రిప్టే జవాబు కొడుతుంది. తిరుగు బస్సులో, కుదుపులకు అక్షరాలు వంకర్లు పోతున్నా, నోటుబుక్కులో స్క్రిప్టు రాసేశాను.

గురువారం పొద్దున ఇరవై అట్టలు ముత్యాల్లా పడ్డాయి. ఆ తర్వాత అంతా గందరగోళం. చిల్లులు ఎక్కువున్న అట్టకు యంత్రం ఎక్కువసేపు తీసుకుంటుంది; నా స్క్రిప్టుకేమో పది సెకన్లకు మించి ఓపిక లేదు. అడగకముందే జవాబిచ్చేసి, నంబరు చెప్పాల్సిన చోట వరుస చెప్పేసింది. మేనమామ పాడైన అట్టలు పట్టుకుని నా కుర్చీ మీద చెయ్యేశాడు. "ఒక్క పది నిమిషాలు ఆగు మామా" అని బతిమాలుకుని, ప్రశ్న వచ్చేదాకా ఎంతసేపైనా వేచి ఉండమని ఒక్క వాక్యం మార్చాను.

మొదటి అట్ట నుంచి మళ్లీ మొదలుపెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"నువ్వు ముట్టకుండ గదెట్ల కొడుతున్నదే?" అన్నాడు మేనమామ.

"అది అడుగుతున్నది, నా స్క్రిప్టు చెప్తున్నది మామా."

పక్క షెడ్డులో మగ్గాలు ఆపి మరీ జనం వచ్చారు. ఎవరూ అన్నానికి లేవలేదు. నాలుగింటికి ఆఖరి అట్ట పడి ప్రోగ్రాం తనంతట తానే ముగిసినప్పుడు గదంతా చప్పట్లు కొట్టింది. అందులో మేనమామ చప్పట్లే గట్టివి.

శుక్రవారం కోరుట్ల ఆయన, ఆ అట్టలతో నాయిన రాత్రికి రాత్రే నేసిన అంచు మీద వేలు పెట్టి చిలుక వెంట చిలుకను తడుముకుంటూ పోయి, "గిసొంటివే నెయ్యుండ్రి" అన్నాడు. నాయిన నా వైపు చూడకుండానే, "మా బిడ్డ జేసింది" అన్నాడు.

ఇప్పుడు డిజైన్లు పెన్‌డ్రైవులో వచ్చి నేరుగా మగ్గంలోకి దిగుతున్నాయి. మంచిదే, ఎవరి వేళ్లూ నొప్పి పెట్టవు. ఆనాటి కంటే ఎన్నో రెట్లు పెద్ద పనులు వాటంతట అవే జరిగిపోతున్నాయి, కానీ తిండి మానేసి నిలబడి చూసేవాళ్లే లేరు.