ఊరిగాం కుంగిందని చెప్పింది నేనే

పోయినసారి నా టపా కింద ఒకాయన "గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో ఏముందండీ, మనుషులే లేరు" అని రాశారు. తప్పు. మనుషులున్నారు. వాళ్లలో ఒకామె బతికుందో లేదో తెలియకే మొన్న మాలూరు నుంచి ఇంటి చెప్పులతోనే బయల్దేరాను.

పొద్దున ఏడింటికి ఫోనులో ఒక వీడియో వచ్చింది. నేల నోరు తెరిచి ఒక వీధిని మింగుతోంది. కింద "ఊరిగాం, ఇప్పుడే" అని ఉంది. నాతోపాటు ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన ఎస్తేరు ఉండేది కేజీఎఫ్‌లోని ఆ ఊరిగాంలోనే. ఆమె భర్త సామ్యేలు గని దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిన మనిషి. నాలుగుసార్లు చేసినా ఎస్తేరు ఫోను ఎత్తలేదు. "ఊరిగాం కుంగింది, ఎస్తేరు ఏమైందో" అని రాసి, వీడియోతో సహా మా పాత టీచర్ల గ్రూపుకు పంపాను.

రైల్లో బంగారుపేట చేరేసరికి తొమ్మిది. ఊరిగాం రైలుకు ఇంకా గంటన్నర ఉందన్నారు. ఆటో అతను మూడు వందలన్నాడు. నేను బేరమాడలేదంటే నా పరిస్థితి ఊహించుకోండి.

"నేల మింగేసిందంట కదప్పా?"

"ఊరు ఉన్నచోటే ఉండాదమ్మా. పొద్దున రవంత అదిరింది. కింద పాత సొరంగాలు సర్దుకుంటా ఉంటాయి, మాకు కొత్తా?"

నిజంగానే వీధులు చెక్కుచెదరలేదు. గని కంపెనీ కట్టించిన ఇళ్ల తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి, లోపల నరపురుగు లేదు. జనమంతా చర్చి ఆవరణలో, ఎండలో, తలలు వంచుకుని నిలబడ్డారు. ప్రార్థన అనుకున్నాను. ఫోన్లు.

ఒక మూల మంచం మీద సామ్యేలు రొప్పుతున్నాడు. పక్కన నేలమీద లోటా నిండా నీళ్లు. అది గనివాళ్ల పాత అలవాటు: నేల అదిరాక నీళ్లు పెట్టి చూస్తారు, అవి నిలకడగా ఉంటే ఇంట్లోకి పోతారు.

"రెండు గంటలైంది టీచరమ్మా, నీళ్లు కదల్లే. ఇంటికి పోదామంటే ఇది వినదు."

"ఎట్ల వింటాను? వీడియోలు వంద వస్తాయి, నేను నమ్మను. ఇది నమ్మినాను," అంటూ ఎస్తేరు తన ఫోను నా ముక్కు కింద పెట్టింది. "ఊరిగాం కుంగింది. రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ రూఢి చేశారు." కింద నా పేరు.

నా నోట వచ్చిన మాట తెలివితక్కువదే: "ఫోనెందుకు ఎత్తలేదే?"

"ఏడింటికి ఈయనకు స్నానం చేయిస్తానని నీకు తెలీదా తల్లీ?"

తెలుసు. "నువ్వు చూశావా, ఎవరో చెప్పారా" అని ముప్పై ఏళ్లు పిల్లల చెవులు మెలిపెట్టిన దాన్ని కూడా నేనే.

నేను చూసి రాయలేదని ఒప్పుకున్నాక, నలుగురం మంచం మోసి ఇంట్లో దించాం. సామ్యేలు ఊపిరి కుదుటపడేసరికి మధ్యాహ్నమైంది. లోటా నా వైపు నెట్టి, "తాగమ్మా. ఇంగా అదురుతుండేది నువ్వు ఒక్కతే," అన్నాడు.

గని నడిచిన రోజుల్లో నేల అదిరితే జనం గేటు దగ్గరికి పరిగెత్తేవారట. కిందినుంచి ఎక్కి వచ్చినవాడు చెప్పేదాకా నిలబడేవారు. ఇప్పుడు కిందినుంచి వచ్చేవాడు లేడు. భయపడ్డవాళ్లకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి. ఈసారి చెప్పింది నేను.

ఊరిగాం వెళ్లేవాళ్లు బంగారుపేటలో మారికుప్పం రైలెక్కితే ఊరిగాంలోనే దిగొచ్చు, ఆటో అక్కర్లేదు. అంతకంటే ముందు ఒక పని చేయండి. మీవాళ్ల పక్కింటి నంబరు అడిగి, కాగితం మీద రాసి గోడకు అంటించండి. నా పేరుతో ఆ సందేశం మీకూ వచ్చి ఉంటే, పంపినవాళ్లకు ఫోను చేసి నోటితో చెప్పండి: సామ్యేలు ఇంట్లోనే ఉన్నాడని.