ట్రేడ్ గడువు వారంలో ఒక ఇల్లు

నాకు స్కేటింగ్ రాదు. జీవితంలో ఒక్కసారి ఐస్ మీద నిలబడ్డాను, నిలబడ్డ వెంటనే కూలబడ్డాను. అయినా అమెరికాలో నాకు అన్నం పెడుతున్నది ఐస్ హాకీయే. ప్లేనోలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, ప్రొఫెషనల్ హాకీ టీమ్‌లో పనిచేస్తున్నానంటే ముందు నా పొట్ట వైపు చూస్తారు, తర్వాత "ఓ, వాళ్ళ ఐటీయా" అంటారు. ఐటీ కాదు మొర్రో అన్నా వినరు. విసుగొచ్చి ఇప్పుడు నేనే ఐటీ అని చెప్పేస్తున్నాను.

నా పని ఆటగాళ్ళ కాంట్రాక్టులు చూడటం. మా లీగ్‌లో ప్రతి టీమ్‌కీ జీతాల మీద ఒక పరిమితి ఉంటుంది. ఓనర్ ఎంత కోటీశ్వరుడైనా అది దాటకూడదు. అంటే ఇంటిల్లిపాదికీ ఒకటే దుప్పటి అన్నమాట. ఒకడు కాళ్ళు బారచాపుకుంటే ఇంకొకడి వీపు బయటపడుతుంది. ఎవరు ఎంతవరకు చాపుకోవచ్చో లెక్కవేసి జనరల్ మేనేజర్‌కి, అంటే మా బాస్‌కి చెప్పడమే నా ఉద్యోగం. వీపు బయటపడ్డవాడికి ఆ సంగతి చెప్పాల్సింది మాత్రం ఆయనే. ఈ ఏర్పాటు నాకు బాగానే ఉండేది, మొన్న మార్చి దాకా.

మార్చిలో ట్రేడ్ గడువు. ఆ శుక్రవారం మధ్యాహ్నం దాటితే ఆ సీజన్‌కి ఇక ఆటగాళ్ళని ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి మార్చడం కుదరదు. సరిగ్గా అప్పుడే మా స్టార్ ఆటగాడి కాంట్రాక్టు చివరికొచ్చింది. కొత్తదాని మీద సంతకం పెట్టకపోతే వేసవిలో అతను నచ్చిన టీమ్‌కి వెళ్ళిపోతాడు, మా చేతిలో చిప్ప మిగులుతుంది. ఊళ్ళో హాకీ ఆడే ప్రతి పిల్లాడి వీపు మీదా అతని నంబరే. అతన్ని వదిలేస్తే జనం మా బాస్‌ని పెట్రోలు కూడా పోయించుకోనివ్వరు. అందుకని అడిగినంతా ఇవ్వడానికి బాస్ సిద్ధపడ్డాడు. అంతా ఇస్తే వచ్చే ఏడాదికి ఎవరో ఒకరు బయటికి పోక తప్పదని నా లెక్కలో తేలింది.

ఆ ఒకరు మూడో వరసలో మధ్యన ఆడే మా సెంటర్. గోల్స్ పెద్దగా కొట్టడు. అవతలి టీమ్‌లోని గొప్పవాణ్ణి గోల్ కొట్టనివ్వకుండా చూడటం అతని పని, అది టీవీలో కనపడదు. కిందటి వేసవిలోనే మాతో మళ్ళీ కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు. స్టార్ కాంట్రాక్టులో తన అనుమతి లేకుండా కదిలించకూడదనే షరతు ఉంటుంది. సెంటర్ లాంటివాళ్ళకి ఆ షరతు ఎవరూ ఇవ్వరు. వాళ్ళకి జీతం ఖాయం, ఊరు ఖాయం కాదు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఊళ్ళు మారీ మారీ విసిగిపోయి, ఇద్దరు ఆడపిల్లల్నీ ఇక్కడి బడిలో వేసి, ఈసారి ఇల్లు కొనుక్కుందామనుకున్నాడు.

ఆ ఇల్లు చూసిపెట్టింది మా ఆవిడ.

మా ఆవిడ రియల్ ఎస్టేట్ ఏజెంటు. నా హెచ్1బి మీద డిపెండెంట్‌గా వచ్చి, వర్క్ పర్మిట్ చేతికందాక లైసెన్సు సంపాదించుకుంది. తనది వరంగల్, నాది ఒంగోలు. నోరున్నవాళ్ళం ఇద్దరమూనూ, కానీ గెలిచేది తనే. టీమ్ కుటుంబాలన్నీ కలిసి తిన్న ఒక మధ్యాహ్నం సెంటర్ భార్యకి మా ఆవిడ చేసిన పులిహోర నచ్చింది, మనిషీ నచ్చింది. ఇల్లు మీరే చూపించండి అందావిడ. ఇన్నేళ్ళూ అద్దె ఇళ్ళలో గోడకి ఒక్క మేకు కూడా కొట్టుకోలేదని చెప్పిందట. ఆ మాట మా ఆవిడ మనసులో పడిపోయింది. నెలల తరబడి ఆ కుటుంబాన్ని కార్లో వేసుకుని తిప్పింది.

ఇంట్లో మాకొక అలవాటు ఉంది. తను నా ఆటగాళ్ళ గురించి అడగదు, నేను తన ఇళ్ళ గురించి అడగను. తను అడగకపోవడం మర్యాద. నేను అడగకపోవడం బద్ధకం. కిచెన్ కౌంటర్ ఏ రాయో తెలుసుకుని నేనేం చేసుకోను?

గడువు వారం సోమవారం నాడు బాస్ నన్ను పిలిచి తలుపు వేశాడు. సెంటర్ కావాలని ఒక టీమ్ గట్టిగా అడుగుతోందట. బదులుగా మంచి కుర్ర డిఫెన్స్ ఆటగాణ్ణి ఇస్తారట. శుక్రవారం దాకా బేరం సాగుతుంది, బయట ఎక్కడా ఊపిరి కూడా విడవద్దు అన్నాడు. నాకు మా ఆవిడ చూసిపెట్టిన ఇల్లు గుర్తొచ్చింది. ఇలాంటి మాట బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా సంగతి వేరే చెప్పాలా. నోరు మూసుకుని బయటికొచ్చాను.

సాయంత్రం ఇంట్లో నేను కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. డిష్‌వాషర్ తెరిచాను, మూశాను. ఫ్రిజ్ తెరిచాను, ఎందుకు తెరిచానో తెలియక మూశాను. తినేటప్పుడు ఇక ఉండబట్టలేక, ఆ సెంటర్ వాళ్ళ ఇంటికి ఆప్షన్ పీరియడ్ ఎప్పుడైపోతుందని అడిగాను. టెక్సాస్‌లో ఇల్లు కొనేవాళ్ళకి అదొక వెసులుబాటు. కాస్త రుసుము కడితే కొన్నాళ్ళ గడువిస్తారు, ఆ లోపల ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆ తర్వాత తప్పుకుంటే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే.

మా ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రేపు సాయంత్రం అయిదింటికి అంది. రొక్కం పెట్టి కొంటున్నారు కాబట్టి గురువారం పొద్దునకల్లా రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుందట. తర్వాత నా మొహంలోకి చూసింది.

"నువ్వెన్నడూ నా ఇండ్ల గురించి అడగలే."

ఊరికే అడిగానన్నాను. ఊరికేనట, నా బొంద. పెళ్ళయినప్పట్నుంచి ఒక్క ఇంటి గురించీ అడగనివాడు సరిగ్గా ఆ ఇల్లు, ఆ గడువు అడిగితే ఊరికే అవుతుందా?

"ఇంకొక్క మాట మాట్లాడకు" అంది. "నువ్వు చెప్తే నేను వాళ్ళకు చెప్పాలె. లైసెన్సు ఉన్నదాన్ని. తెలిసి దాచేదానికి లేదు."

ప్లేట్లో మిగిలింది ఇద్దరం తిన్నాం. మింగలేక కక్కలేక అంటారే, అదే.

మంగళవారం పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళి సెంటర్‌ని వదులుకోకుండా ఉండే దారులు వెతికాను. వయసైపోతున్న డిఫెన్స్ ఆటగాడొకడు ఉన్నాడు, అతన్ని పంపిద్దాం అన్నాను. అతని కాంట్రాక్టులో కదిలించకూడదనే షరతుంది, బాస్ అడిగితే అతను కుదరదన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. స్టార్ కాస్త తగ్గించుకుంటే అందరూ దుప్పట్లో పడతారు. బాస్ నా ముందే, స్టార్ తరపున జీతం బేరమాడే ఏజెంటుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. టీమ్‌ని సర్దుకోవడం మీ పని, మా వాడి పని కాదు అని చెప్పి ఏజెంటు పెట్టేశాడు. ఏజెంటు ఉన్న ఆటగాడితో జీతం గురించి టీమ్ వాళ్ళు సొంతంగా మాట్లాడకూడదు, అది మా రంగంలో గట్టి కట్టుబాటు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కి ఏం చేస్తుంది, మళ్ళీ దిగింది.

ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో స్టార్ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ప్లేటు నిండా పాస్తా. డ్రెస్సింగ్ రూమ్‌లో అతనూ సెంటరూ పక్కపక్కనే కూర్చుంటారు, వేసవిలో చేపలు పట్టడానికి కలిసి పోతారు. వచ్చే ఏడాది కూడా టీమ్ ఇలాగే ఉంటుంది కదా అని మామూలుగా అడిగాడు. కాస్త తగ్గించుకుంటానని నువ్వే ఒక్క మాట మీ ఏజెంటుకి చెప్పవయ్యా అని నా లోపల ఒకడు అరుస్తున్నాడు. చూస్తున్నాం అన్నాను పైకి. అతను నా వాటర్ బాటిల్ మూత కూడా తీసిచ్చి వెళ్ళాడు.

అయిదింటికి నేను పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చున్నాను. ఇంజన్ ఆన్ చేసి ఉంది, ఎక్కడికీ పోవట్లేదు. ఫోన్ చూసుకున్నాను, రేడియో పెట్టాను, ఆపాను. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలోనే షూస్ విప్పుకుంటోంది.

"అయిదు దాటింది" అంది. అంతే.

బుధవారం బేరం ఒకసారి తెగి మళ్ళీ అతుక్కుంది. తెగినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందంటే, ఎన్నడూ లేనిది బాస్‌కి కాఫీ తెచ్చిచ్చాను. ఆయన తాగేలోపే అవతలివాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు.

గురువారం పొద్దున సెంటర్ కుటుంబానికి తాళాలు అందాయి. అదే రోజు సాయంత్రం మా మ్యాచ్. సెంటర్‌ని ఆడించొద్దని బాస్ కోచ్‌కి చెప్పాడు. ట్రేడ్ అయ్యేలా ఉన్నవాణ్ణి ఐస్ మీదకి దింపరు. దెబ్బ తగిలితే బేరం చెడుతుంది. కాలికి ఏమీ కాలేదు, జ్వరం లేదు, సూటు వేసుకుని పైన కూర్చున్నాడంటే ఈ ఆట తెలిసినవాళ్ళందరికీ అర్థమైపోతుంది. అతని భార్య ఎప్పటిలాగే పిల్లలతో వచ్చి తన సీట్లో కూర్చుంది. చిన్నది పాప్‌కార్న్ తింటూ నాన్న ఎక్కడని ఐస్ మీద వెతుకుతోంది. నేను పై బాక్స్‌లోంచి చూశాను. చూడలేక కారిడార్లో పచార్లు చేశాను. మ్యాచ్ గెలిచామో ఓడామో నాకు ఇప్పటికీ గుర్తులేదు.

శుక్రవారం పొద్దున స్టార్ సంతకం పెట్టాడు. గడువు ముంచుకొచ్చేవేళకి ట్రేడ్ కూడా ఖాయమైంది. రెండు టీమ్‌లూ లీగ్ ఆఫీసుతో ఒకే ఫోన్ లైన్లో ఉండి వివరాలు పైకి చదివి వినిపించాలి. మా తరపున చదవాల్సింది నేనే. అతని పేరు ఒక్కో అక్షరమూ విడివిడిగా చదివాను. లీగ్‌వాళ్ళు స్పెల్లింగ్ సరిచూసుకుని థాంక్యూ అన్నారు.

సెంటర్ సామాను సర్దుకుని, పోతూ పోతూ నా గదికొచ్చి చెయ్యి కలిపాడు. అతనే మాట్లాడాడు. వాళ్ళావిడకి మంగళవారమే తెలుసట. మా ఆవిడ ఆ రోజు రెండుసార్లు ఫోన్ చేసి, సాయంత్రం దాకా టైముంది, కారణం కూడా చెప్పక్కర్లేదు, మళ్ళీ ఆలోచించుకోండి అందట. ఇల్లు అమ్మేవాళ్ళు ఎవరూ అంతలా వదులుకోమని చెప్పరు కదా, అక్కడే అర్థమైపోయిందట. మరి ఎందుకు కొన్నారని అడిగాను, సిగ్గు లేకుండా.

"పిల్లలు గదులు పంచేసుకున్నారు" అన్నాడు. "వద్దని వాళ్ళకి ఏం చెప్పాలి? వెళ్తామేమోనని ప్రతి ఊళ్ళోనూ ముందే చెప్పేవాళ్ళం. ఈసారి చెప్పకూడదనుకున్నాం."

అతను వెళ్ళాక స్టార్ వచ్చాడు. తలుపు తట్టలేదు. మొహం ఎర్రగా ఉంది. సెంటర్‌ని ఎందుకు పంపారని నన్ను నిలదీశాడు. బాస్ దగ్గరికెళ్ళమంటే అక్కడికే వెళ్ళొచ్చానన్నాడు. మీరు తగ్గించుకోనన్నారు కదా అని నోరు జారాను.

"నన్నెవరు అడిగారు?"

ఏజెంటు అతనికి చెప్పనేలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నాడేమో. మా వాడు ఆడతాడు, నేను బేరమాడతాను అనుకునే మనిషి. అడిగితే స్టార్ తగ్గించుకునేవాడో లేదో దేవుడికెరుక, కానీ అతనిది నటన కాదు. కాసేపు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి వెళ్ళిపోయాడు. ఆ మంగళవారం పాస్తా ప్లేటు ముందు అతను అడిగిన ప్రశ్న, నేనిచ్చిన దిక్కుమాలిన జవాబు చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి. కట్టుబాటు పాటించాను. పాటించి ఏం బావుకున్నాను?

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. సెంటర్ భార్య ఫోన్ చేసిందట. పిల్లల బళ్ళకి సెలవులిచ్చేదాకా ఉండి, తర్వాత ఇల్లు అమ్మిపెట్టమందట. మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"చెప్పొద్దంటే మొత్తమే చెప్పకుండ ఉండాలె" అంది, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. "సగం చెప్పినవ్. నిన్న ఆ పిల్లల చేతుల తాళాలు పెట్టి కంగ్రాచులేషన్స్ అని నవ్విన. తెలిసి నవ్విన."

వాళ్ళకీ ముందే తెలుసట, తెలిసే కొన్నారట అన్నాను. నన్ను నేను ఓదార్చుకోవడానికే అన్నాను.

"పెద్దోళ్ళకు తెలుసు. ఆ పిల్లలకు తెల్వదు."

లాప్‌టాప్ మూసి లోపలికెళ్ళింది. నేను హాల్లోనే తిరుగుతున్నాను. ఇల్లు అమ్మకానికి ఎప్పుడు పెడుతున్నావని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అంతలో ఫోన్ మోగింది. స్టార్ కాంట్రాక్టు లీగ్‌లో నమోదైందని బాస్ మెసేజ్ పెట్టాడు, కింద కంగ్రాచులేషన్స్ అని ఉంది.