మునిరత్నం పెదాలు

చాలా ఏళ్లుగా ఒక మాట నాలో పడి ఉంది. దాన్ని బరువు అనడానికి కూడా మనసొప్పదు. ఎందుకంటే అది లోపల ఉండగానే నేను సుఖంగా తిన్నాను, పడుకున్నాను. నిజంగా మోసింది ఇంకొకడు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. చిత్తూరు చుట్టుపక్కల పాల కేంద్రాల్లో మిషన్లు నడిపే ప్రోగ్రాములు రాసేవాళ్లం. వాటిని తయారుచేసి పంపే కంప్యూటర్‌ను బిల్డ్ సర్వర్ అనేవాళ్లం. పంపే ముందు అది ప్రతి ప్రోగ్రాము మీదా కంపెనీ సంతకం వేస్తుంది. సంతకం ఉంటేనే కేంద్రాల్లోని కంప్యూటర్లు నమ్మి ఎక్కించుకుంటాయి. సంతకం వేసే కీ సర్వర్‌లోనే ఉన్నా, పాస్‌ఫ్రేజ్ అనే రహస్య వాక్యం కొడితే తప్ప తెరుచుకోదు. అది తెలిసింది ఇద్దరికే: నాకు, నాకన్నా చిన్నవాడైన మునిరత్నానికి. ఎక్కడా రాయకూడదు. సర్వర్ ఆపి పెట్టిన ప్రతిసారీ మాలో ఒకరు వచ్చి చేత్తో కొట్టాలి. ఆ నియమం పెట్టింది నేనే.

మునిరత్నానికి ఒక అలవాటు. టైప్ చేసేటప్పుడు పెదాలు కదుపుతాడు. జపం మొదలైందిరా అని అందరి ముందూ ఆటపట్టించేవాణ్ణి.

ఆయుధ పూజకు మా ఆఫీసులో మిషన్లన్నీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. మరుసటి రోజు దాకా ఎవరూ ముట్టుకోరు. ఆ ఏడు పూజ తర్వాత సర్వర్ లేపే వంతు నాది. నాకేమో పూతలపట్టులో అత్తగారింట్లో ఇంకో రెండు రోజులు ఉండాలని. ఏం చేశాను? సర్వర్ లేవగానే చదువుకునే ఫైల్లో పాస్‌ఫ్రేజ్ రాసిపెట్టి బస్సెక్కాను. వాచ్‌మన్ స్విచ్ వేస్తే చాలు, బొట్టు పెట్టుకున్న సర్వర్ తనంతట తానే లేచి సంతకాలు వేసింది. తిరిగొచ్చాక తీసేద్దామనుకున్నాను. తీయలేదు. మరిచిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, మరిచిపోలేదు. హాయిగా ఉంది, అంతే.

కొన్ని నెలలకు, మేము తయారుచేయని ప్రోగ్రాము ఒకటి మా సంతకంతో కేంద్రాలకు వెళ్లింది. తెల్లారి మిషన్లు మొరాయించాయి. క్యాన్లతో వచ్చినవాళ్లు నిలబడిపోయారు, పాలు విరిగిపోయాయి. నేను సర్వర్‌లో వెతికాను. బయటివాడెవడో చొరబడి నా ఫైలు తెరిచిన జాడ ఉంది. జాడ చెరిపేశాను. నేను రాసిందీ తీసేశాను.

యజమాని మమ్మల్ని పిలిచే లోపే మునిరత్నం నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు యాడన్నా రాసిపెట్టినావా?"

"లేదబ్బా."

"అయితే నా నోరే అన్నా. కొట్టేటప్పుడు గొణుగుతా గదా. ఎవురో ఇనేసినారు."

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? భయపడ్డానా, లేక వాడే దారి చూపించాడని లోలోపల సంతోషించానా? సంతోషించాననే అనుకుంటున్నాను. వాడి భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను కూడా. యజమాని ముందు వాడే తప్పు ఒప్పేసుకున్నాడు. ఉద్యోగం పోయింది. ఊళ్లో మరే కంపెనీ వాడిని తీసుకోలేదు.

ఏళ్ల తర్వాత శ్రీకాళహస్తిలో వాడు పెట్టుకున్న ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. టీ తెప్పించాడు. పిల్లల గురించి అడిగాడు. ఇంతలో ఎవరికో రైలు టికెట్ తీయాల్సి వచ్చి కంప్యూటర్ ముందుకు జరిగాడు. పాస్‌వర్డ్ కొట్టే ముందు ఎడమచేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు. కుడిచేత్తో ఒక్కో అక్షరమే కొట్టాడు. అయ్యాక చెయ్యి తీసి నన్ను చూసి నవ్వాడు.

టీ తాగి వచ్చేశాను.

క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. అడగాల్సినవాణ్ణి అడిగే ధైర్యం నాకింకా రాలేదు. రాయకూడని చోట రాశాను, ఉంచాల్సింది చెరిపాను. ఇదొక్కటి మాత్రం చెరపకుండా వదిలేస్తున్నాను: మునిరత్నం నోటి నుంచి ఏదీ జారలేదు. రాసింది నేను.