శుక్రవారం శుభ్రం

"...ఆ డైలాగు మిషన్ను నెత్తిన పెట్టుకో, కాదనను. కానీ పోయిన శుక్రవారం అది తెరుచుకునేదాకా ఆర్టిస్టు నాలుగు నిమిషాలు మైకు ముందు ఊరికే నిలబడింది, చంద్రకళా. అంతకుముందు శుక్రవారమూ అంతే."

"మిగతా రోజులు బాగానే తెరుచుకుంటాది గదా సార్," అంది చంద్రకళ.

"శుక్రవారం దానికి సెలవా?"

"వారానికొకసారి దానికీ ఒళ్లు బాగుండదేమో సార్," అంది మంగ, చీపురు ఆపకుండానే.

వెంకట్రావు నవ్వలేదు. చెన్నై కోడంబాక్కంలో ముప్ఫయ్యేళ్లుగా డబ్బింగ్ థియేటర్ నడుపుతున్న మనిషి. "ఇవాళ తొమ్మిదింటికి కూడా ఇదే వరస అయితే సోమవారం కంపెనీ మిషను దింపిస్తా. వాళ్ల మనిషే నడుపుతాడు," అనేసి తన గదిలోకి వెళ్లాడు.

గోడ గడియారంలో ఎనిమిదీ ఇరవై.

చంద్రకళ ఈ థియేటర్‌కి పంతొమ్మిదో ఏట వచ్చింది. హీరోయిన్ల చెల్లెళ్లకూ, ఆస్పత్రి నర్సులకూ గొంతు ఇచ్చింది. తర్వాత ఆర్టిస్టుల వెనక నిలబడి డైలాగు అందించే పనిలో కుదురుకుంది. ఆరేళ్ల కిందట గొంతుకు ఆపరేషన్ అయింది. అప్పట్నించీ ఆమె మాట మూడడుగులు దాటి వినిపించదు. అయినా వెంకట్రావు మూడు నెలలు ఆమె కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టలేదు.

ఆ మూడు నెలల్లోనే చంద్రకళ వాళ్ల మేడ మీద అద్దెకు దిగాడు కిరణ్. రాజమండ్రి కుర్రాడు, ఊరి చివర షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం. వరసగా ఎనిమిది ఆదివారాలు కూర్చుని, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆమె కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. బొమ్మతో పాటు డైలాగు ఆర్టిస్టు ఎదుటి తెర మీదికి వస్తుంది. పెదవి కలవాల్సిన చోటికి ఎర్రగీత జరుగుతుంది. చంద్రకళ మీటలు నొక్కితే చాలు, గొంతెత్తక్కర్లేదు. ఆ ప్రోగ్రాం ఉన్న మిషను తీసేస్తే ఆమెకు ఇక్కడ పని లేనట్టే.

ఫోన్ చేసింది.

"కిరణా, పనిలో ఉండావా?"

"బస్సులో ఉన్నానండి ఆంటీ. చెప్పండి."

శుక్రవారాల సంగతి విని అతను అన్నాడు: "ప్రోగ్రాంకి కావలసిన ఫైళ్లు చాలా ఉంటాయండి. పైథాన్ మొదటిసారి వాటన్నిటినీ తనకు వీలుగా మార్చుకుని పక్కన దాచుకుంటుంది. మర్నాటి నుంచి దాచినవే వాడుకుంటుంది, అందుకే తొందరగా తెరుచుకుంటుంది. అవెందుకో పోతున్నట్టున్నాయి. ఒకసారి ఇప్పుడే తెరిచి మూసేయండి."

"హారతి కాకుండా తెరవకూడదబ్బా. ఆర్టిస్టు రావాల, కర్పూరం చూపించాల, అప్పుడే."

"సరేనండి. తెరవకుండానే ఆ మార్చే పని ముందుగా చేయించేద్దాం. పైథాన్ ఏ ఫోల్డర్లో ఉందో తెలుసాండి?"

"తెర మీద నొక్కే బొమ్మ ఉండాదే, ఆడనే గదా?"

"అది నేమ్ బోర్డండి. ఇల్లు వేరేచోట ఉంటది. ఎక్కడున్నావో దాన్నే అడుగుదాం."

అతను ఒక్కో అక్షరం చెబుతుంటే ఆమె ఆదేశాలిచ్చే నల్లటి కిటికీలో కొట్టింది. జవాబుగా ఫోల్డర్ల పేర్లతో ఒక పొడుగాటి వరస వచ్చింది. దాన్ని డైలాగు కాగితం వెనక రాసుకుని, ఆ దారినే ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయింది. చివరిదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"నాయనా, ఈ ఇంటికి నేను పొద్దున్నే వచ్చి పోయినాను."

శుక్రవారం పూజకు ముందు మంగ నేల తుడుస్తుంది, చంద్రకళ మిషను తుడుస్తుంది. బయట పసుపు గుడ్డతో. లోపల కూడా తుడవొచ్చని నెల కిందట బాగుచేయడానికి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ చెప్పాడు. పేరులో కేష్ (cache) అని ఉన్న ఫోల్డరంతా చెత్తేనన్నాడు. అప్పట్నించీ ప్రతి శుక్రవారం వెతికి వెతికి, ఒక్కటి మిగలకుండా తీసేస్తోంది.

అదంతా కిరణ్‌కి చెప్పింది. అతను పెద్దగా నవ్వాడు.

"అవేనండీ అది దాచుకున్నవి! పాపం అది వారం వారం వండుకోవడం, మీరు గిన్నెలు బోర్లించడం."

"తిట్టు నాయనా, బాగా తిట్టు."

"తిట్టేదేముందండి? ఇంకో లైను చెబుతా, కొట్టండి."

కొట్టింది. ఫైళ్ల పేర్లు తెర మీద పైకి పరుగెత్తాయి. ఎనిమిదీ యాభైకి ఆగాయి.

"అయిందాండి? నేను దిగే స్టాపొచ్చేసింది."

"నువ్వు చల్లగా ఉండాల," అంది చంద్రకళ. బస్సు రొదలో ఆ మాట అతనికి చేరిందో లేదో తెలియలేదు.

తొమ్మిదింటికి ఆర్టిస్టు శ్రీప్రియ వేడినీళ్ల ఫ్లాస్కుతో వచ్చి మైకు ముందు నిలబడింది. వెంకట్రావు కర్పూరం చూపించాడు. చంద్రకళ హారతి కళ్లకద్దుకుని ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కింది. కుర్చీ ముందుకు లాక్కునే లోపే డైలాగు తెర మీదికి వచ్చింది.

పదకొండింటి టీకి వెంకట్రావు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇవాళ బుద్ధిగా లేచిందే! ఏమైంది దానికి?"

"దానికేం కాలేదు సార్. ఈ నెలంతా చెడగొట్టింది నేనే."

మొత్తం చెప్పింది. వినడానికి ఆయన వంగాల్సి వచ్చింది.

"అమ్మయ్య, నేను నేలతోనే సరిపెట్టుకున్నా," అంది మంగ గ్లాసులు తీస్తూ.

వెంకట్రావు జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే నిలబడి మిషను కంపెనీ ఆయనతో మాట్లాడాడు.

"ఏకాంబరం గారూ, సోమవారం మిషను తేవద్దండి. మా దగ్గర చంద్రకళే నడుపుతుంది."