దుర్గ పుట్టిన తేదీ

ఏడేళ్ళుగా ఒక ఈమెయిలు మోస్తున్నాను. మొత్తం నాలుగు వాక్యాలు. పంపిన వెంటనే చెరిపేశాను, ఆ దొంగ ఖాతా కూడా మూసేశాను. అయినా ఒక్క అక్షరం మరిచిపోలేదు. పేరు పెట్టకుండా ఉత్తరాలు రాసేవాణ్ణి మనవాళ్ళు ఆకాశరామన్న అంటారు. ఇప్పుడు కూడా పేరు పెట్టడం లేదు, చూశారుగా. నా ధైర్యం అంతమాత్రమే.

ఐర్లండ్‌లో క్లోనీ అనే ఊళ్ళో, మా వీధిలోనే సత్తిబాబు ఉండేవాడు. డేటా సెంటర్లు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజుల్లో కరెంటు పనికి వచ్చాడు. నేను సాఫ్ట్‌వేర్. వాళ్ళది గోదావరి మధ్యలో ఒక చిన్న లంక. పడవ దాటితే గానీ బడి లేదు. పడవ తప్పిపోకుండా రోజూ ఇసుకలో పరిగెత్తి పరిగెత్తి అతని కూతురు దుర్గకు ఆ వేగం వచ్చిందట. అతను ఆ మాట చెప్పినప్పుడల్లా నేను నవ్వేవాణ్ణి. నలుగురిలో అతన్ని 'లంక పొగాకు' అని పిలిచేవాణ్ణి. అతనూ నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఎప్పుడైనా ఆలోచించానా? ఆలోచించదగ్గ మనిషిగా అతను నాకు కనబడలేదు.

మా అమ్మాయి కూడా అదే క్లబ్బులో పరిగెత్తేది. ఖరీదైన బూట్లు, విడిగా కోచింగ్, తిప్పడానికి నేను, నా కారు. దుర్గ ఎవరో ఇచ్చిన పాత బూట్లతో దిగి ప్రతిసారీ మా అమ్మాయిని దాటిపోయేది. ఆ వేసవిలో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ అంతర్జాతీయ పోటీకి ఐర్లండ్ జట్టులో వంద మీటర్లకు ఇద్దరికే చోటు. దుర్గ రెండోది. మా అమ్మాయి మూడోది.

ఆ వారమే ఒకరింట్లో భోజనాల దగ్గర సత్తిబాబు తన కథ చెప్పాడు. బడిలో వేసినప్పుడు మాస్టారు అతని వయసు తగ్గించి, జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేశారట. అందరం నవ్వాం. మా తరంలో సగంమంది జూన్‌లోనే పుట్టారు మరి. నేనూ అంతే. పాస్‌పోర్టు ప్రకారం జూన్. అమ్మ లెక్కలో అంతకు ముందటేడు కార్తీకం. అతను చెప్పింది తన సంగతి, కూతురిది కాదు. ఆ తేడా నాకు శుభ్రంగా తెలుసు. తెలిసే, ఇంటికెళ్ళి క్రీడా సంఘానికి రాశాను: ఆ పిల్ల వయసు అబద్ధమని, తండ్రే నలుగురిలో ఒప్పుకున్నాడని, వాళ్ళ దేశంలో ఇది మామూలేనని. 'వాళ్ళ దేశం' అని రాశాను, ఇక్కడివాడెవడో రాసినట్టు ఉండాలని. ఛీ.

దుర్గ లంకలో ఇంట్లోనే పుట్టింది. పుట్టుక ఆలస్యంగా నమోదైంది. ఆ కాగితం చూసేసరికి క్రీడా సంఘం వాళ్ళ అనుమానం ముదిరింది. విచారణ తేలేదాకా ఆగమన్నారు. సత్తిబాబు ఎవరి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడనుకున్నారు? నా దగ్గరికే. ఇంగ్లీషులో జవాబులు రాసిపెట్టమన్నాడు. రాశాను. రెండు గంటల పనిని వారం రోజులు నానబెట్టి మరీ రాశాను. ఈమెయిలు ఒక క్షణం కుళ్ళు అనుకున్నా, ఈ నానబెట్టడాన్ని ఏమనాలి?

జట్టు వెళ్ళిపోయింది. దుర్గ చోట్లో మా అమ్మాయి వెళ్ళి, మొదటి రౌండులోనే ఆఖరున వచ్చింది. అది తన చోటు కాదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి, మళ్ళీ ట్రాక్ మొహం చూడలేదు. తర్వాత రెండు నెలలకు దుర్గ కాగితాలు నిజమేనని తేలింది.

ఆ పిల్ల ఆగలేదు. పోయిన ఏడాది పెద్దవాళ్ళ జట్టులో ఐర్లండ్ ఆకుపచ్చ బనీను వేసుకుని విదేశంలో పరిగెత్తింది. అప్పుడు గుర్తొచ్చింది ఇక్కడి మన తెలుగు సంఘానికి, 'మన తెలుగు బిడ్డ' అని. పాత బూట్లతో తిరిగినన్నాళ్ళూ పలకరించని వాళ్ళంతా వాట్సాప్‌లో పూలగుత్తులు పంపారు. హాలు తీసుకుని సన్మానం పెట్టారు. నేను అక్కడ పెద్దమనిషిని, ముందు వరస. సత్తిబాబు శాలువా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీరే కప్పాలండి అన్నయ్యగారూ. ఆ రోజు కాయితాల కోసం మీరొక్కరే కదండీ తిరిగింది."

ఇంకెవరైనా పెద్దవాళ్ళతో కప్పించమని గొణిగాను.

దుర్గ అప్పటికే తల వంచింది. "కప్పండి అంకుల్. నాన్న ఇప్పటికీ మీ పేరే చెప్తారు," అంది.

కప్పాను. ఫొటోకి నవ్వాను కూడా. ఆ ఫొటో సత్తిబాబు ఇంట్లో దేవుడి పటాల పక్కన వేలాడుతోంది. వెళ్ళినప్పుడల్లా దానికి ఎదురుగా నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు.

వాళ్ళతోనే చెప్పొచ్చుగా అంటారా? ఇప్పుడు చెప్పినా ఆ వేసవి తిరిగి రాదుగా అని నాకు నేనే సర్ది చెప్పుకుంటాను. అది సాకు. అసలు భయం ఆ ఫొటో గోడ దిగిపోతుందని. ఇంత చేసి, ఆ గోడ మీద చోటు కూడా కావాలి నాకు. ఎంత అల్పుణ్ణో చూడండి. క్షమించమని అడగను, మీరు క్షమించినా అది చెల్లదు. ఒక్క మాట మాత్రం ఏడేళ్ళ తర్వాత తిన్నగా రాయగలిగాను, రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దుర్గ చెప్పిన తేదీ నిజం. దొంగ తేదీ నాది.