వెనక వైపు పాట

రైలు పట్టా ఎత్తేటప్పుడు పాడిన మాట, పట్టా దిగాక ఎవరి నోటా రాకూడదు. ఖరగ్‌పూర్‌లో మా శ్రీకాకుళం గ్యాంగుల కట్టుబాటు అది. మా నాన్న గ్యాంగులో పాట చెప్పేవాడు. ఆయన ఒక మాట అంటే మిగిలినవాళ్లు "ఐలేసా" అంటూ ఒక్క ఊపున ఇనుము లేపేవాళ్లు. ఆ మాటల్లో ఎవరినైనా తిట్టొచ్చు. మేస్త్రీని, దొరని, కోపమొస్తే దేవుణ్ణి కూడా. పక్కన గొడుగు పట్టుకుని నిలబడే పట్టాల ఇన్‌స్పెక్టరు దొర ఆంగ్లో ఇండియన్. మాతో హిందీలోనే మాట్లాడేవాడు. ఆయనకి తెలుగు రాదని అందరికీ ధీమా.

అరవైల చివర్లో ఆ దొరగారబ్బాయి ఒక బ్యాండు పెట్టాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి గిటారు వాయిస్తూ ఇంగ్లీషులో పాడేవాడు. డ్రమ్ముల మీద మలంచా పేట బెంగాలీ దాదా ఒకడు. బేస్ గిటారు నాది. గ్యాంగుమన్ కొడుకుని దొర బంగళా వరండాలోకి ఎందుకు రానిచ్చారా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఊరికే వాయించేవాడు ఇంకెవడూ దొరక్కే అని నా నమ్మకం. అనుమానం పెనుభూతం రా అని అమ్మ తిట్టేది. ఆ భూతం నాతోపాటే పుట్టింది, ఏం చేయను.

కలకత్తాలో ఒక రికార్డుల కంపెనీ మాతో చిన్న ప్లేటు వేస్తానంది. ముందు వైపు దొరబాబు రాసిన ఇంగ్లీషు పాట. వెనక వైపుకి మా దగ్గర ఏమీ లేదు. వెనక వైపు ఎవరు వింటారు, ఏదో ఒకటి వాయించండి అని వాళ్లే కబురు పెట్టారు. ఒక సాయంత్రం వరండాలో దాదా ఉబుసుపోక దరువేస్తుంటే నా వేళ్లు నాన్న పాట అందుకున్నాయి. వేళ్ల వెనకే నోరు కూడా.

గొడుగు కింది దొర, ఐలేసా
గుమ్మడికాయ బొజ్జ, ఐలేసా
పట్టా ఎత్తమంటే, ఐలేసా
బొజ్జ ఎత్తనేడు, ఐలేసా

దొరబాబు గిటారు కింద పెట్టి, వెనక వైపుకి ఇదే అన్నాడు. తర్వాత "క్యా మత్లబ్?" అని అడిగాడు. ఎండ మండుతోంది, పట్టా బరువుగా ఉంది అని అర్థం చెప్పాను. సరిగ్గా అప్పుడే వంటింట్లో మా తెలుగావిడ, వాళ్ల వంటమనిషి, గిన్నె జారవిడిచి పకపకా నవ్వింది. అతను వంటింటి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎండ గురించి అంత నవ్వేముందని అతనికి తోచే ఉంటుంది. నేను వెళ్తూ వెళ్తూ ఆమెని పలకరిస్తే "నానేటీ ఇన్నేదు బాబూ" అంది. అడక్కుండానే అలా అన్నాక నాకు నిద్ర ఎలా పడుతుంది?

మా రైల్వే కోటర్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో మాట దాగదు. మర్నాటికే నాన్నకి చేరింది.

"ఆ పాట దొరింటికెందుకు అట్టుకెల్లినావు?"

"మాటలు మార్సేత్తాను నాన్నా. తిట్లు తీసీసి అప్పన్న పేరెడతాను."

"అయితే మరీ మంచిది. కానీ నీ నోటిని నాను నమ్మను. ఆ ప్లేటు మీదెక్కిన మాట మరి దిగదు. నా ఉజ్జోగం పోతే ఈ కోటరూ పోద్ది. అప్పుడు మీయమ్మని ఎక్కడ కూకోబెడతావు?"

సింహాద్రి అప్పన్న మీద కొత్త మాటలు కట్టి, పదిమార్లు వల్లె వేసుకుని కలకత్తా వెళ్లాను. ఉన్న సమయమంతా ముందు వైపు పాటే మింగేసింది. మిగిలిన కాస్తలో వెనక వైపు ఒకే ఒక్కసారి. మొదట్లో అప్పన్న బాగానే పలికాడు. పోను పోను దాదా దరువు బలిసింది. దొరబాబూ, దాదా "ఐలేసా" అని గొంతు కలిపేసరికి, చిన్నప్పటినుంచి ఆ ఊపుతో విన్న మాటలే బయటికొచ్చాయి. గొడుగు, బొజ్జ, అన్నీ వచ్చేశాయి. వరండాలో కూడా పలకని ఆఖరి మాట ఒక్కటే ఎలాగో మింగాను. ఇంకోసారి పాడతానని బతిమాలితే రికార్డింగు బాబు గడియారం చూసి "బ్యాక్ సైడ్ హై, ఠీక్ హై" అన్నాడు. దొరబాబు నా భుజం తట్టాడు. అతనికి ఏదో తెలిసిపోయిందనే అనుకున్నాను.

అలా దొరబాబునీ, వంటావిడనీ, అర్థం లేకుండా ఆ రికార్డింగు బాబునీ కూడా అనుమానించాను. అసలు మనిషి నా లెక్కలోనే లేడు.

ప్లేటు వచ్చిన వారంలోనే తండ్రీ కొడుకులిద్దరూ బంగళాకి రావాలని దొర కబురు చేశాడు. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దొర మా ఎదుటే గ్రామఫోను మీద వెనక వైపు పెట్టాడు. నాన్న తేలు కుట్టిన దొంగలా నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. పాట అయ్యాక దొర ముల్లు ఎత్తి, మా వైపు తిరిగి, మా ఊరివాడిలాగే అన్నాడు.

"తరవాత మాటేటి? 'దొరసాని ఎత్తాల.' అదెందుకు ఒగ్గీసినారు?"

అని బొజ్జ కదిలేలా నవ్వాడు. పోయి పని చూసుకోమన్నాడు. ఉద్యోగం పోలేదు, కోటరు పోలేదు. ఎంత పెద్ద మనసో అని సెటిల్‌మెంట్ అంతా దొరని మెచ్చుకుంది. నేను మెచ్చుకోలేదు. అన్నేళ్లు మా మాటలన్నీ విని, ఏమీ తెలియనట్టు గొడుగు కింద నిలబడ్డవాడి నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఈ వయసులో కూడా. నాన్నకి మాత్రం భయం పట్టుకుంది.

"రాత్రి కాపలాలో ఎవుడు తొంగున్నాడో, యూనియన్ మీటింగుకి ఎవుడెల్లినాడో, అన్నీ ఆయన ముందరే అనుకున్నాం. ఏటేటి ఇన్నాడో," అన్నాడు ఇంటికొచ్చాక.

కొన్నాళ్లకి నాన్నకి క్యారియర్ ఇవ్వడానికి లైను మీదికి వెళ్లాను. గ్యాంగు పట్టా ఎత్తుతోంది. "అప్పన్నా" అంటున్నాడు నాన్న. "ఐలేసా" అంటున్నారు వాళ్లు. నేను కట్టిన మాటలే. ఆ మాటలకి ఊపు రాక పట్టా జానెడు లేచి మళ్లీ దిగిపోతోంది. గొడుగు కింద నుంచి దొర, ఈసారి తెలుగులోనే, "పాత పాట పాడు," అన్నాడు. నిజంగానే ముచ్చటపడి అడిగాడేమో, నాకు తెలియదు. గ్యాంగంతా తలలు దించుకుంది.

"మరిసిపోనాను బాబూ," అన్నాడు నాన్న.

తర్వాత వంగి, మళ్లీ పట్టా పట్టుకున్నాడు.